ఐదు వందల బాత్‌ల పూచీ

థాయ్ ఇన్సూరెన్స్ అనే కంపెనీ 1938లో పుట్టింది. అప్పటికి ఆ దేశం పేరు ఇంకా సయామే. థాయ్‌లాండ్‌గా మారింది మరుసటి ఏడాది. అంటే దేశం పేరు కంటే కంపెనీ పేరే పాతది. దాని తోబుట్టువు సౌత్ ఈస్ట్ ఇన్సూరెన్స్ రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు, 1946లో మొదలైంది. సిన్ మన్ కాంగ్ 1951 నాటిది. ఏషియా ఇన్సూరెన్స్ 1950 అనే సంస్థ ఏకంగా సంవత్సరాన్నే పేరులో పెట్టుకుంది. ఈ పెద్దవాళ్లు చూడని గండం లేదు. సైనిక తిరుగుబాట్లు ఎన్నో చూశారు. 1997లో బాత్ కుప్పకూలి ఆసియా మొత్తాన్ని లాక్కుపోయినప్పుడు నిలబడ్డారు. 2004లో సునామీ వచ్చి ఫుకెట్ తీరాన్ని ఊడ్చేసింది. 2011లో వరద బ్యాంకాక్ చుట్టూ ఉన్న పారిశ్రామికవాడలను వారాల తరబడి ముంచింది. కార్ల ఫ్యాక్టరీలు, హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీలు నీళ్లలో నానాయి. అంతటి నష్టాలు దాటుకుని వచ్చిన ఈ కంపెనీలను చివరికి పడగొట్టింది ఐదు వందల బాత్‌ల చిన్న పాలసీ. అప్పటి మారకంలో పన్నెండు వందల రూపాయల లోపు.

ఆ పాలసీని థాయ్ జనం ‘జెర్ జాయ్ జోబ్’ అన్నారు. జబ్బు బయటపడింది, డబ్బు చెల్లించాం, లెక్క తీరిపోయింది అని దాని భావం. పేరే ప్రకటన. ఆర్టీపీసీఆర్ పరీక్షలో కోవిడ్ ఉన్నట్టు తేలితే చాలు, కంపెనీని బట్టి యాభై వేల నుంచి లక్ష బాత్‌ల దాకా చేతికొస్తాయి. ఆసుపత్రిలో చేరాలన్న షరతు లేదు. జ్వరం ఎంత, ఊపిరి ఎలా ఆడుతోంది అని అడిగేవాళ్లు లేరు. ల్యాబు కాగితం, డాక్టరు సర్టిఫికెట్, సంతకం పెట్టిన గుర్తింపు కార్డు నకలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ పంపితే పదిహేను రోజుల్లో డబ్బు రావాలి.

ఇంత ఉదారంగా ఎలా అమ్మారు అంటే, 2020 నాటి సంగతి గుర్తు తెచ్చుకోవాలి. చైనా బయట మొట్టమొదటి కోవిడ్ కేసు బయటపడింది థాయ్‌లాండ్‌లోనే, 2020 జనవరి 13న. వూహాన్ నుంచి వచ్చిన ఒక యాత్రికురాలిని విమానాశ్రయంలోనే గుర్తించారు. దేశం హడలిపోయింది. 2019లో దాదాపు నాలుగు కోట్ల మంది విదేశీ పర్యాటకులు వచ్చిన దేశం అది. హోటలు గదులు, మసాజ్ సెలూన్లు, పడవలు, బజారు తిండి బళ్లు, అన్నీ ఆ నాలుగు కోట్ల మీదే నడిచేవి. భయం పుట్టిన చోట బీమా అమ్ముడుపోతుంది కదా. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఫోన్లలో, బ్యాంకు యాప్‌లలో ఈ పాలసీలు వేడి వేడిగా అమ్ముడయ్యాయి.

కానీ ఆ భయం నిజం కాలేదు. సరిహద్దులు మూశారు, వచ్చినవాళ్లను క్వారంటైన్‌లో పెట్టారు, అందరూ మాస్కులు కట్టారు. 2020 డిసెంబరు చివరికి ఏడు కోట్ల జనాభాలో మొత్తం కేసులు ఏడు వేలకు లోపే. అంటే పది వేల మందికి ఒక్కరు. ఈ లెక్కన లక్ష బాత్‌లు ఇస్తానన్న పాలసీ మీద కంపెనీకి పడే ఖర్చు సగటున పది బాత్‌లు. వసూలు చేసింది ఐదు వందలు. కమీషన్లు, ప్రకటనలు పోగా మిగిలింది లాభమే. బీమా వ్యాపారంలో ఇంత తీపి ఏడాది అరుదు. 2021 వచ్చేసరికి చూస్తూ ఊరుకున్న కంపెనీలు కూడా రంగంలోకి దిగాయి. పాత పాలసీలు రెన్యూ చేశారు, కొత్త ప్యాకేజీలు కట్టారు. ఒకే మనిషి మూడు నాలుగు కంపెనీల దగ్గర కొనుక్కున్నా ఎవరూ కాదనలేదు.

ఇక్కడే అసలు పొరపాటు ఉంది. పూరిళ్ల ఊళ్లో అందరూ తలా కాస్త వేసుకుంటే కాలిన ఒక్క ఇల్లు మళ్లీ లేస్తుంది. గాలి వాటాన ఊరంతా అంటుకున్న రోజున ఆ ఉమ్మడి సొమ్ము ఎవరి వాసానికి సరిపోతుంది? కారు ప్రమాదం నాకు జరిగితే మీకు జరగాలని లేదు కాబట్టే మోటారు బీమా నిలబడుతుంది. అంటువ్యాధిలో నాకు రావడమే మీకూ వచ్చే కారణం. బీమా కంపెనీలకే బీమా ఇచ్చే, వందేళ్ల అనుభవం ఉన్న రీఇన్సూరెన్స్ సంస్థలకు ఇది తెలుసు. అందుకే కోవిడ్ భారాన్ని భుజానికెత్తుకోవడానికి అవి వెనకాడాయి. బ్రిటన్‌లో, అమెరికాలో ప్రయాణ బీమా కంపెనీలు కూడా 2020 తొలి నెలల్లోనే తప్పుకున్నాయి. అప్పటికే తెలిసిన ముప్పు కాబట్టి ఆ తర్వాత కొన్న పాలసీలకు రద్దయిన ప్రయాణాల డబ్బు ఇవ్వం అన్నాయి. కొన్ని అమ్మకమే ఆపేశాయి. ఇళ్లల్లో టికెట్లు పట్టుకుని కూర్చున్న జనం వాళ్లను తిట్టుకున్నారు. తిట్టడం న్యాయమే. కానీ ఆ పిసినారితనమే వాళ్లను బతికించింది.

మన దేశంలోనూ ఇలాంటి పాలసీ వచ్చింది. 2020 జులైలో బీమా నియంత్రణ సంస్థ చెప్పిన మేరకు కరోనా కవచ్, కరోనా రక్షక్ అనే రెండు పాలసీలు మార్కెట్లోకి వచ్చాయి. రెండోది ఒకేసారి మొత్తం చేతికిచ్చేది, రెండున్నర లక్షల రూపాయల దాకా. హైదరాబాద్‌లో, విజయవాడలో చాలామంది తీసుకున్నారు. అయితే అందులో ఒక మెలిక ఉంది. కనీసం డెబ్భై రెండు గంటలు ఆసుపత్రిలో ఉండాలి. ఆ మూడు రోజుల షరతు వల్ల సెకండ్ వేవ్‌లో బెడ్ దొరక్క ఇంట్లోనే కోలుకున్నవాళ్లకు పైసా రాలేదు. ఆ కోపం నాకింకా గుర్తుంది. కంపెనీలు మాత్రం మునగలేదు. థాయ్ పాలసీలో ఆ కట్ట లేదు. పరీక్ష కాగితమే తాళంచెవి.

2020 డిసెంబరు మూడో వారంలో సముత్ సఖోన్ రొయ్యల మార్కెట్‌లో వందల కేసులు ఒక్కసారిగా బయటపడ్డాయి. కంపెనీలు అప్పుడైనా కళ్లు తెరవాల్సింది. తెరవలేదు. 2021 ఏప్రిల్‌లో బ్యాంకాక్ థాంగ్‌లోర్ వీధిలోని నైట్ క్లబ్బుల నుంచి జబ్బు ఊరంతా పాకింది. ఆపైన డెల్టా వచ్చింది. జులై నాటికి బ్యాంకాక్‌లో పడకలు లేవు. మనుషులు ఇళ్లల్లో పోతున్నారు, కొందరు వీధుల్లోనే కుప్పకూలుతున్నారు. ఆగస్టులో రోజుకు ఇరవై వేల కేసులు దాటాయి. ఏడాది ముగిసేసరికి మొత్తం ఇరవై రెండు లక్షలకు చేరింది. పది వేల మందికి ఒక్కరు అన్న లెక్క దాదాపు ముప్పై మందికి ఒకరుగా మారింది. లక్ష బాత్‌ల పాలసీ మీద సగటు ఖర్చు పది నుంచి మూడు వేల బాత్‌ల పైకి ఎగబాకింది. వసూలు మాత్రం అదే ఐదు వందలు.

ఆ జులై నెల మధ్యలో, జనం ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరిగెడుతున్నప్పుడు, సిన్ మన్ కాంగ్ ఒక ప్రకటన చేసింది. కోవిడ్ పాలసీలను రద్దు చేస్తున్నాం, ముప్పై రోజుల తర్వాత చెల్లవు, మిగిలిన కాలానికి ప్రీమియం తిరిగిచ్చేస్తాం అని. చట్టం మాట చెప్పాలంటే వాళ్లది పూర్తిగా తప్పు కాదు. ముందుగా నోటీసిచ్చి పాలసీని రద్దు చేసుకోవచ్చన్న నిబంధన ఒప్పందంలోనే ఉంది. చిన్న అక్షరాల్లో, అందరూ దాటేసి సంతకం పెట్టే చోట. కానీ వాన పడని ఏడాది ప్రీమియం పుచ్చుకుని, తుపాను మొదలైన రోజు గొడుగు లాక్కున్నవాడిని ఎవరు క్షమిస్తారు? సోషల్ మీడియా భగ్గుమంది. ఈ కంపెనీ కారు బీమా కూడా తీసుకోవద్దని పిలుపులు వచ్చాయి. థాయ్ బీమా నియంత్రణ సంస్థ జులై 16న ఆదేశం ఇచ్చింది. కోవిడ్ పాలసీలను ఏ కంపెనీ తనంతట తాను రద్దు చేయకూడదు అని. సిన్ మన్ కాంగ్ క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గింది.

ఆ ఆదేశం మీద వాదన ఇప్పటికీ తెగలేదు. పాలసీదారును కాపాడిందని కొందరంటారు, ఐదు కంపెనీలకు ఉరితాడు పేనిందని కొందరంటారు. రెండూ నిజమే. రద్దును ఆపడం న్యాయమే అన్నది నా అభిప్రాయం. ప్రమాదం వచ్చాక వదిలి వెళ్లేదాన్ని బీమా అనలేం. కానీ ఆ పాలసీని అమ్మకానికి ఆమోదించింది కూడా ఆ నియంత్రణ సంస్థే. ఎంత మూలధనం ఉన్నవాడు ఎన్ని పాలసీలు అమ్మవచ్చో 2020లోనే గట్టిగా గీత గీసి ఉంటే, 2021లో ఆ ఆదేశం ఇవ్వాల్సిన అవసరమే ఉండేది కాదు.

తలుపు మూసుకుపోయింది. ఇక కంపెనీలు చేయగలిగింది చెల్లించడం, లేదా చెల్లించకుండా రోజులు నెట్టడం. ఏషియా ఇన్సూరెన్స్, ఆ ఐదింటిలో మరొకటైన ది వన్ ఇన్సూరెన్స్ కార్యాలయాల ముందు జనం బారులు తీరారు. కోలుకున్నవాళ్లు, మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, లాక్‌డౌన్‌లో పని పోయినవాళ్లు. కాగితాలన్నీ ఇచ్చి పదిహేను రోజులు కాదు, నెలలు గడిచినా ఖాతాలో డబ్బు పడలేదని వాళ్ల గోడు. మరోపక్క, కావాలనే జబ్బు అంటించుకుంటున్నారన్న వార్తలు వచ్చాయి. నియంత్రణ సంస్థ అది మోసమని, కేసులు పెడతామని హెచ్చరించాల్సి వచ్చింది. పని లేదు, పూట గడవదు, చేతిలో నాలుగు పాలసీలున్నాయి. ఆ మనిషికి ఆ వైరస్ ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోండి. ప్రాణాన్ని లెక్కగట్టి అమ్మకానికి పెట్టిన పాలసీ అంతటి స్థితికి దిగజార్చింది.

2021 అక్టోబరు 15న ఏషియా ఇన్సూరెన్స్ 1950 లైసెన్సు రద్దయింది. డిసెంబరు 13న ది వన్ ఇన్సూరెన్స్ వంతు.

ఇదే రోజుల్లో అదే దేశం ప్రపంచాన్ని మళ్లీ రమ్మని పిలుస్తోంది. 2021లో వచ్చిన విదేశీ యాత్రికులు నాలుగు లక్షల పైచిలుకు మాత్రమే. నాలుగు కోట్లలో నూటికి ఒకటి. అందుకే ఆ జులైలోనే ‘ఫుకెట్ శాండ్‌బాక్స్’ అని తలుపు కాస్త తీశారు. వచ్చేవాళ్లు లక్ష డాలర్ల వైద్య బీమా చూపించాలన్నారు. నవంబరులో ‘టెస్ట్ అండ్ గో’ పెట్టి దాన్ని యాభై వేల డాలర్లకు తగ్గించారు. అంటే, తమ పౌరులకు ఇచ్చిన బీమా మాట నిలుపుకోలేక కంపెనీలు కూలుతున్న దేశం, పరాయి దేశస్థుడిని గుమ్మంలో నిలబెట్టి నీ బీమా కాగితం చూపించమంది.

చూపించినవాళ్లకైనా మేలు జరిగిందా అంటే, కొందరికే. విమానం దిగగానే చేసిన పరీక్షలో పాజిటివ్ వస్తే, ఒంట్లో నలత లేకపోయినా ఆసుపత్రికో ఆసుపత్రిగా మార్చిన హోటలుకో తరలించేవారు. బిల్లు దాదాపు పది రోజులది. బీమా వాళ్లు చికిత్స అవసరం లేని మనిషి గది అద్దె మేమెందుకు కట్టాలి అన్నారు. చివరికి 2022 ఫిబ్రవరి 15 నుంచి థాయ్ కంపెనీలన్నీ ఒక కొలబద్ద పెట్టుకున్నాయి. ఇన్‌పేషెంటుగా చేరినందుకు డబ్బు రావాలంటే ఒక రోజుకు పైగా 39 డిగ్రీల జ్వరం ఉండాలి, లేదా ఆక్సిజన్ 94 శాతం లోపు పడిపోవాలి, లేదా పెద్దవాళ్లలో ఊపిరి నిమిషానికి ఇరవై ఐదు సార్లు దాటాలి, లేదా ముందే పెద్ద జబ్బులుండాలి, లేదా చిన్నపిల్లలై ఉండాలి. వీసా కోసం, విమానం ఎక్కడం కోసం కొన్న పాలసీ సరిగ్గా ఇలాంటి చోటే చేయిచ్చింది. మన దగ్గరా అంతే కదా. బ్యాంకాక్ టికెట్ బుక్ చేస్తూ కింద ఉన్న గడిలో టిక్ కొట్టేస్తాం. ఆ టిక్ వెనక ఏ జబ్బును ఏ తేదీ నుంచి తీసేశారో చదివినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు.

ఒమిక్రాన్ వచ్చేసరికి డాక్టర్లు ఊపిరి పీల్చుకున్నారు. చాలామందికి గొంతు నొప్పి, రెండు రోజుల జ్వరం, అంతే. బీమా కంపెనీలకు మాత్రం అదే మృత్యువు. పాలసీ అడిగేది జబ్బు తీవ్రతను కాదు, పరీక్ష ఫలితాన్ని. ఇంటిల్లిపాదికీ పాజిటివ్ వస్తే ఇంటిల్లిపాదికీ లక్ష లక్ష. డెల్టాకు కూలని కంపెనీలు ఈ తేలికపాటి జబ్బు దెబ్బకు ఒరిగిపోయాయి.

సౌత్ ఈస్ట్, థాయ్ ఇన్సూరెన్స్ రెండూ థాయ్ గ్రూప్ హోల్డింగ్స్ చేతిలోవి. దాని వెనక ఉన్నది చాంగ్ బీరు అమ్మే చరోన్ సిరివధనభక్తి కుటుంబం, ఆ దేశంలోని మహా సంపన్నుల్లో ఒకటి. 2022 జనవరిలో ఆ గ్రూపు సౌత్ ఈస్ట్ లైసెన్సును మేమే తిరిగిచ్చేస్తాం, చేతిలో సొమ్ము ఉండగానే గౌరవంగా మూసేస్తాం అంది. నియంత్రణ సంస్థ కుదరదంది. పాలసీదారుల బాకీ తీరకుండా వ్యాపారం వదిలి వెళ్లే దారి లేదంది. కంపెనీ అడ్మినిస్ట్రేటివ్ కోర్టుకెక్కింది. రద్దును ఆపిన జులై ఆదేశమే తమ కొంప ముంచిందన్నది దాని వాదన. గ్రూపు యజమాని ఇంకా డబ్బు పోసి ఉండొచ్చు. తైవాన్‌లో క్వారంటైన్ పాలసీలు అమ్మి ఇలాగే నిండా మునిగిన కంపెనీలకు వాటి మాతృసంస్థలు కొత్త మూలధనం గుమ్మరించి నిలబెట్టాయి. ఇక్కడ పోయలేదు. వ్యాపారంగా చూస్తే తెలివైన పనే అనాలి. పాలసీ కాగితం మీద ఆ ఇంటి పేరు చూసి ధైర్యంగా కొన్నవాళ్లకు ఆ తెలివి చాలా ఖరీదైంది. 2022 ఏప్రిల్ 1న రెండు కంపెనీల లైసెన్సులూ ఒకేరోజు రద్దయ్యాయి. సయాం కాలం నాటి కంపెనీ కథ ఎనభై నాలుగో ఏట, ఏప్రిల్ ఫూల్ రోజున ముగిసింది. ఆ తేదీ ఎంచినవారికి ఈ సంగతి తట్టలేదేమో.

మిగిలింది సిన్ మన్ కాంగ్. ఐదింటిలో దీని చావే అన్నిటికంటే నిదానమైంది, అందుకే ఎక్కువ బాధాకరమైంది. ఇది ప్రధానంగా కార్ల బీమా కంపెనీ. మధ్యతరగతి నమ్మిన పేరు. 2022 మే నెలలో దివాలా కోర్టుకు వెళ్లి పునర్వ్యవస్థీకరణకు అనుమతి అడిగింది. అప్పటికి చెల్లించాల్సిన కోవిడ్ క్లెయిములు సుమారు మూడు వేల కోట్ల బాత్‌లు. కోర్టు రక్షణ కింద కంపెనీ బతికే ఉంది, బాకీలు మాత్రం గడ్డకట్టాయి. ఏడాదిన్నర పాటు చర్చలు, ప్రణాళికలు నడిచాయి, బాకీలో కొంత వాటాలుగా తీసుకోండన్న బేరాలు వచ్చాయి. అప్పులవాళ్లు ఒప్పుకోలేదు. 2023 డిసెంబరులో లైసెన్సు పోయింది. కోవిడ్ పాలసీ జోలికే పోకుండా కేవలం కారుకు బీమా చేయించుకున్నవాళ్లు, ఆ కార్లు బాగుచేసి బిల్లులు పంపిన గ్యారేజీలవాళ్లు కూడా ఆ రోజు బాకీ రావాల్సినవాళ్ల వరసలో చేరారు. ఎవరో కట్టిన ఐదు వందల బాత్‌లకు వీళ్లు మూల్యం చెల్లించారు.

తిలాపాపం తలా పిడికెడు అంటాం. ఇక్కడ ఆ మాట అందరికీ సమానంగా పంచి తప్పించుకోవడం నాకిష్టం లేదు. ఎక్కువ పాలు కంపెనీల లెక్కల గదులదే. మహమ్మారికి బీమా ఇవ్వలేమా అంటే ఇవ్వొచ్చు. వింబుల్డన్ నిర్వహించే క్లబ్బు 2003లో సార్స్ వచ్చిన తర్వాత అంటువ్యాధి బీమా తీసుకుంది. ఏటా సుమారు పదిహేను లక్షల పౌండ్లు చొప్పున పదిహేడేళ్లు కట్టిందని, 2020లో పోటీలు రద్దయితే సుమారు పదకొండు కోట్ల నలభై లక్షల పౌండ్లు అందాయని పత్రికలన్నీ రాశాయి. అంటే లోకంలో ఏ జబ్బూ లేని ఏళ్లలో కూడా వాళ్లు ఏటా నూటికి ఒకటికి మించి కట్టారు. బ్యాంకాక్‌లో జబ్బు దేశంలో తిరుగుతున్న ఏడాది, నూటికి అర చొప్పున అమ్మారు. లెక్క తెలియక అలా అమ్మారని అనుకోలేం. 2020లో పది వేల మందికి ఒక్కరు అన్న అంకె చూసి, అది ఎల్లకాలం ఉంటుందని నమ్మాలనిపించింది. పక్క కంపెనీ అమ్ముతుంటే మనం ఊరుకోవడమేమిటన్న పోటీ దానికి తోడైంది.

థాయ్‌లాండ్ వెళ్లే యాత్రికులను ఆ బీమా కాగితం అడగడం 2022లోనే ఆగిపోయింది. అడిగే మొత్తం ఆ ఏడాది మార్చిలో ఇరవై వేల డాలర్లకు, మేలో పది వేలకు దిగింది. జులైలో షరతే ఎత్తేశారు. 2024లో మూడున్నర కోట్ల మందికి పైగా యాత్రికులు వచ్చారు. మూతపడ్డ ఐదు కంపెనీల బాకీలు మాత్రం సాధారణ బీమా నిధి అనే ప్రభుత్వ నిధి మీద పడ్డాయి. ఆ నిధి బాకీ రావాల్సిన ఒక్కొక్కరికి పది లక్షల బాత్‌ల వరకే ఇస్తుంది. దానికి ప్రధానంగా డబ్బు వచ్చే దారి, బతికి ఉన్న కంపెనీలు తమ ప్రీమియంలోంచి కట్టే రుసుము. ఆ రుసుమును పావు శాతం నుంచి అర శాతానికి పెంచారు. అలా పెంచినా మొత్తం తీరడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ లెక్కన చియాంగ్ మాయ్‌లోనో ఫుకెట్‌లోనో కొత్త కారుకు బీమా చేయించుకునే మనిషి కట్టే ప్రతి రెండు వందల బాత్‌లలో ఒక బాత్ ఆ పాత బాకీకే పోతుంది.